గీత చెప్పిన లెక్క



పూర్వము గ్రామములలో కరణముగారు దండకవిలె విప్పి లెక్కలు చదువుచుండగా, రచ్చబండమీద కూర్చున్న పెద్దలు తల లూపుచు వినుచుండెడివారు. చదువుట ముగిసిన పిమ్మట ఏ చెఱువు క్రింద ఎంత పండెను, ఏ పొలమునకు ఎంత శిస్తు పడెను అని యడిగినచో తడుముకొనక చెప్పగలవారు నూటికి ఒక్కరు. అది వారి బుద్ధిమాంద్యము కాదు. అంకెల స్వభావమే యట్టిది. వెనుక వచ్చిన అంకె ముందు వచ్చిన దానిని త్రోసివేయును. చెవి దానిని నిలుపుకొనజాలదు. కన్నును ఆ వరుసలలో త్రోవ తప్పును. కాని అదే రచ్చబండకడ ఎవరైన పుల్ల యొకటి తీసికొని నేలమీద చెఱువును గీసి, తూమును గీసి, కాలువను గీసి చూపినచో, అక్షరము రానివానికిని సంగతి తెలిసిపోవును.

నేటి ప్రసంగమునకు విషయము ఆ పుల్లగీతయే. దేశపటములోని గీతచేత లెక్క చెప్పించు విద్యను మనుష్యులు ఎట్లు నేర్చిరి, దానివలన కలిగిన మేలేమి, దానియందు పొంచియున్న మోసమేమి అను మూడు సంగతులను మనవి చేసెదను.

పటములో గీతలుండుట క్రొత్తగాదు. ఏఱు ఒక గీత, బాట ఒక గీత, పొలిమేర ఒక గీత. కాని యివన్నియు 'ఎక్కడ' అను ప్రశ్నకే సమాధానము చెప్పును. ఈ బాట ఎటు పోవుచున్నదో చెప్పునుగాని, దానిమీద దినమునకు ఎన్ని బండ్లు నడచుచున్నవో చెప్పదు. 'ఎంత' అను ప్రశ్నకు గీత సమాధానము చెప్పవలెనన్నచో ఏదో యొక ఉపాయము కావలెను. పాశ్చాత్యులు రెండు ఉపాయములను కనుగొనిరి.

మొదటి ఉపాయము సమానమైన స్థలములను కలుపుట. ఇంగ్లండు దేశపు జ్యోతిశ్శాస్త్రవేత్తయగు ఎడ్మండ్ హేలీ, తోకచుక్కవలన మనవారికిని పేరు తెలిసిన మహనీయుడు, 1698 మొదలు 1700 వఱకు ఓడమీద అట్లాంటిక్ మహాసముద్రమున తిరిగి, దిక్సూచి ముల్లు నిజమైన ఉత్తరమునుండి ఎచ్చట ఎంత తొలగుచున్నదో కొలిచెను. ఆ కొలతలను పట్టికగా వ్రాసి విడువక, సమానమైన తొలగుదల గల తావులనన్నిటిని ఒక్కొక్క వంపుగీతతో కలిపి 1701లో పటముగా ప్రకటించెను. నావికునికి పట్టిక వెదకు శ్రమ తప్పినది. తరువాత 1817లో జర్మను పండితుడు అలెగ్జాండర్ హంబోల్ట్ ఇదే పద్ధతిని వేడిమికి అన్వయించి, సమానమైన వేడిమి గల ప్రదేశములను గీతలతో కలిపెను. ఒకే అక్షాంశముమీదనున్న దేశములన్నియు ఒకే విధముగా వేడిగా నుండవను సంగతి అప్పుడు కంటికి కట్టినట్లు తెలిసినది. నేడు వాతావరణ పటములయందు వాయుగుండము చుట్టు చుట్టలు చుట్టలుగా కానవచ్చు గీతలు ఈ వంశములోనివే.

రెండవ ఉపాయము గీతను వెడల్పు చేయుట. ఇది మన గోదావరి, కృష్ణా డెల్టాల రైతులకు వేఱుగా చెప్పనక్కఱలేదు. ధవళేశ్వరమున ఆనకట్టకడ బయలుదేఱిన ప్రధాన కాలువ ఎంత వెడల్పు! దానినుండి చీలిన శాఖ అంతకంటె సన్నము. పిల్లకాలువ మఱింత సన్నము. శివారు పొలమునకు చేరునప్పటికి అది ఒక్క అంగలో దాటదగిన బోదె. కాలువ వెడల్పును చూచియే 'ఇందులో నీరింత' అని రైతు అంచనా వేయును. గీతయు నట్లే కావలెను. ఎక్కువ పోవుచోట వెడల్పుగాను, తక్కువ పోవుచోట సన్నముగాను గీయవలెను. అప్పుడు ఆ గీతలో పాఱునది నీరే కానక్కఱలేదు. మనుష్యులు కావచ్చును, ధాన్యము కావచ్చును, బొగ్గు కావచ్చును.

ఈ పద్ధతిని పటమున మొదట ప్రయోగించినవారిలో హెన్రీ డ్రూరీ హార్నెస్ ముఖ్యుడు. ఈయన ఇంగ్లీషు సైన్యపు ఇంజనీరు శాఖలో లెఫ్టినెంటు. ఐర్లండు దేశమున రైలుమార్గములు ఎచ్చటెచ్చట వేయవలెనో విచారించుటకై యేర్పడిన సంఘమునకు 1837లో ఈయన కొన్ని పటములను సిద్ధపఱచెను. అందొకదానియందు బాటలపై ప్రయాణికుల రాకపోకలను వారి సంఖ్యకు తగిన వెడల్పు గల గీతలతో చూపెను. డబ్లిన్ నగరమునొద్ద ఆ గీతలు లావుగా కలిసికొని, దూరముగా పోయినకొలది సన్నబడును. ఇంత చక్కని యూహయైనను అది సంఘపు నివేదికతోబాటు మఱుగున పడిపోయినది. నూఱేండ్లు దాటిన పిమ్మట, 1955లో, ఆర్థర్ రాబిన్సన్ అను అమెరికా పండితుడు దానిని తిరిగి వెలికి తెచ్చెను.

ఈ విద్యను పెంచి పెద్దచేసి, తన వార్ధక్యమంతయు దానికే ధారపోసినవాడు వేఱొకడున్నాడు. ఆయన పేరు చార్లెస్ జోసెఫ్ మినార్. ఫ్రాన్సు దేశమున దిజాన్ నగరమందు 1781వ సంవత్సరము మార్చి 27వ తేదీన జన్మించెను. వంతెనలు, కాలువలు, రేవులు కట్టు ఇంజనీరుగా జీవితము గడపెను. పారిస్ నగరమున వంతెనలు బాటల విద్య నేర్పు పాఠశాలకు 1830 మొదలు 1836 వఱకు అధ్యక్షుడుగా నుండెను. 1851లో డెబ్బదియేండ్లు నిండగా నియమము ప్రకారము ఉద్యోగము విరమించెను. అందఱును 'ఇక కృష్ణా రామా' అనుకొను వయస్సున ఆయన పని నిజముగా ఆరంభమైనది. తరువాతి పందొమ్మిదేండ్లలో ఆయన ప్రకటించిన పటములు పదులకొలది.

దీనికి బీజము కొంచెము ముందుగనే పడినది. రైలుమార్గములు క్రొత్తగా వచ్చుచున్న కాలమది. ఏ మార్గము వేయవలెను, ఎంత రుసుము పెట్టవలెను అని వాదములు పుట్టుచుండెను. రెండు పెద్ద నగరములను చూచి వాటి నడుమ రైలు వేసిన చాలునని తలచువారు కొందఱు. మినార్ మాత్రము, మొదటినుండి చివఱవఱకు ప్రయాణము చేయువారికంటె నడుమనున్న ఊళ్ళలో ఎక్కి నడుమనే దిగువారిని లెక్కింపవలెననెను. 1845లో దిజాన్ నగరమునుండి ములూజ్ నగరమునకు రైలు వేయు ప్రస్తావన వచ్చినప్పుడు, ఆ ప్రాంతపు బాటలపై బాడుగబండ్లలో పోవు ప్రయాణికుల సంఖ్యను వెడల్పు గీతలతో పటముగా గీసి, అచ్చువేయించి పంచిపెట్టెను. వాదించువారి కంఠస్వరము ఎంత హెచ్చైనను గీత వెడల్పు హెచ్చదు గదా!

మినార్ తనకు తాను కొన్ని కట్టుబాట్లను పెట్టుకొనెను. మొదటిది, వెడల్పు సంఖ్యకు సరిగా అనుపాతముగా నుండవలెను. రెండింతలున్నచో రెండింతలే, పదింతలున్నచో పదింతలే; కంటికింపుగా నుండుటకై పెంచుట తగ్గించుట కూడదు. రెండవది, ఒక మిల్లిమీటరు వెడల్పునకు ఎంత విలువయో పటముమీదనే వ్రాయవలెను. మూడవది, గీతపై అచ్చటచ్చట అసలు సంఖ్యను వేయవలెను. కన్ను అంచనా కట్టినదానిని బుద్ధి సరిచూచుకొనుటకు వీలుండవలెను. నాల్గవది, విషయమునకు అక్కఱలేని కొండలు, ఊళ్ళు, ఏఱులు పటమున నుండగూడదు. సంతలో పదిమంది ఒక్కసారి మాటలాడినచో ఎవరి మాటయు వినబడనట్లు, పటములో గీతలు పెరిగినకొలది ముఖ్యమైన గీత కానరాదు.

ఈ నాల్గవ కట్టుబాటు కొఱకు ఆయన భూగోళమునే కొంత వంచెను. సరకుల గీత లావై ఇంగ్లండునకును ఐరోపా ఖండమునకును నడుమనున్న ఇఱుకు సముద్రమున పట్టకపోగా, ఆ సముద్రమునే పటములో వెడల్పు చేసెను. భూగోళ పండితులకు ఇది అపచారముగా తోచవచ్చును. కాని ఆయన పటము ఓడ నడపుకొనుటకు గాదు. సరకు ఎటు, ఎంత పోవుచున్నదో చూచుకొనుటకు. ఏ పని కొఱకు చేసిన పనిముట్టు ఆ పనికి సరిపోవలెను. కొడవలితో గోతిని త్రవ్వబోయి కొడవలిని నిందించుట న్యాయము కాదు.

ఆయన పటములలో రెండింటియందు మనకును సంబంధము కలదు. మొదటిది ప్రత్తి పటము. 1861లో అమెరికాలో ఉత్తర రాష్ట్రములకును దక్షిణ రాష్ట్రములకును అంతర్యుద్ధము పుట్టినది. ఉత్తరపు నౌకాదళము దక్షిణపు రేవులను దిగ్బంధించెను. ఐరోపా మిల్లులకు అంతవఱకు ప్రత్తి పంపుచుండినవి ఆ రేవులే. మినార్ 1866లో ప్రకటించిన పటమున 1858, 1864, 1865 సంవత్సరముల ప్రత్తి రవాణాను ప్రక్కప్రక్కన చూపెను. 1858 నాటి పటమున అమెరికానుండి వచ్చు ధార మహానదివలె నున్నది; హిందూదేశపు ధార సెలయేఱు. 1864 నాటి పటమున ఆ మహానది ఎండి దారమైనది. మన దేశపు ధార ఉప్పొంగినది. ఆ దినములలోనే కాకినాడ రేవునకు ప్రత్తి వర్తకము వలన గొప్ప యూపు కలిగినది. గుంటూరు ప్రాంతముల ప్రత్తి ఆ రేవు పేరుతోనే విదేశపు సంతలలో 'కోకనాడ ప్రత్తి' అని చెల్లినది. యుద్ధము 1865లో ముగిసినది.

ఆ పటమును చూచునప్పుడు ఒక సంగతి మఱువరాదు. గీత ప్రత్తి యెంతయో చెప్పినది. 1858 నాటి అమెరికా ప్రత్తిని పండించినవారు బానిసలని ఆ గీత చెప్పలేదు. యుద్ధము ముగిసి ధర పడిపోయినప్పుడు మన రైతు ఇంట జరిగినది ఏమో అదియు చెప్పలేదు. తెలిపిన లెక్కకు గీత సాక్షియే; తెలుపనిదానికి మనమే సాక్ష్యము వెదకికొనవలెను.

రెండవది 1862లో ప్రకటింపబడిన వలసల పటము. 1858వ సంవత్సరమున భూమిమీద ఎవరు ఏ దేశమునుండి ఏ దేశమునకు వలస పోయిరో అందు వేర్వేఱు రంగుల ధారలతో చూపబడినది. ఐరోపానుండి అమెరికాకు, ఆస్ట్రేలియాకు పోవు ధారలతోబాటు, చీనానుండియు, మన దేశమునుండియు కూలికై సముద్రము దాటినవారి ధారలును అందు గలవు. పందొమ్మిదవ శతాబ్దమున కోరంగి, కాకినాడ ప్రాంతములనుండి ఓడ యెక్కి మారిషస్ దీవికి చెఱుకుతోటల కూలికి పోయిన తెలుగువారు ఎందఱో. కోరంగి పేరే అచ్చటి తెలుగువారికి పేరైనది. ఎవరి తాత ఏ ఓడలో పోయెనో తెలియని కుటుంబములకు, పారిస్ నగరమున ఒక వృద్ధుడు గీసిన సన్నని గీతలో చోటు దొరికినది. గీత సన్నమైనను అందులోని ప్రాణములు సన్నమైనవి కావు.

ఇక మినార్ పేరును చిరస్థాయి చేసిన పటమును గూర్చి చెప్పెదను. అది 1869వ సంవత్సరము నవంబరు 20వ తేదీ గలది. అప్పటికాయన వయస్సు ఎనుబదియెనిమిది. విషయము 1812లో నెపోలియన్ చక్రవర్తి రష్యా దేశముమీదికి నడపిన దండయాత్ర. ఆ కాగితముమీదనే, పైభాగమున, ప్రాచీనకాలమున హానిబాల్ అను సేనాని ఆల్ప్స్ పర్వతములు దాటించిన సేన కథయు చిన్న పటముగా నున్నది. దండయాత్రలను గూర్చి గ్రంథములు అసంఖ్యాకములు. కాని మినార్ పటమున కత్తి లేదు, గుఱ్ఱము లేదు, చక్రవర్తి చిత్తరువు లేదు. ఉన్నవి రెండు గీతలు మాత్రమే. లోపలికి పోయిన సేనకు ఎఱ్ఱని చాయగల గీత. వెలుపలికి వచ్చిన సేనకు నల్లని గీత. ఒక మిల్లిమీటరు వెడల్పునకు పదివేలమంది.

పడమట నీమెన్ నదికడ గీత బయలుదేఱును. దానిమీది సంఖ్య 4,22,000. జూన్ నెలలో సేన ఆ నదిని దాటినది. గీత తూర్పునకు సాగుచు రెండు పాయలు విడిచినది. ఒకదానియందు 22,000, మఱియొకదానియందు 60,000. ఆ రెండు పాయలను తీసివేసినను మూడులక్షల నలుబదివేలు మిగులవలెను. కాని విటెబ్స్క్ పట్టణముకడ గీతమీది సంఖ్య 1,75,000. స్మోలెన్స్క్ కడ 1,45,000. సెప్టెంబరు 7వ తేదీన బొరొదినో యుద్ధము జరిగినది. సెప్టెంబరు 14వ తేదీన సేన మాస్కో ప్రవేశించునప్పటికి గీతమీది సంఖ్య ఒక్క లక్ష.

ఇక్కడ కొంచెము నిలువవలెను. రష్యా చలియే నెపోలియన్ సేనను మింగినదని లోకమున వాడుక. గీత ఏమి చెప్పుచున్నది? మంచు పడకమునుపే, వేసవిలోనే, ఆ సేన కరగినది. ఎండ, దప్పి, ఆకలి, విరేచనములు, విషజ్వరములు, గ్రాసము లేక కూలిన గుఱ్ఱములు, విడిచి పాఱిపోయినవారు, నడుమ కావలియుంచబడినవారు. ఇవియన్నియు ఆ సన్నబడుటలో కలవు. పుస్తకములో పది ప్రకరణములు చదివినను మనస్సునకెక్కని యీ సంగతి, గీతను ఒకమాఱు చూచినంతనే తెలియును. లోకప్రవాదమును సరిదిద్దినది కావుననే ఇది బొమ్మమాత్రము గాక చరిత్రయైనది.

అక్టోబరు 19వ తేదీన సేన మాస్కో విడిచినది. నల్లగీత పడమటికి తిరిగినది. దాని క్రింద మినార్ వేఱొక చిన్న గీతను వేసెను. అది చలి లెక్క. నల్లగీతనుండి సన్నని దారములవంటి గీతలు క్రిందికి దిగి ఏ తావున, ఏ తేదీన, ఎంత చలియో చూపును. ఆ కొలత ఆ కాలమున ఫ్రాన్సులో వాడుకలోనున్న రేమ్యూర్ డిగ్రీలది. డిసెంబరు 6వ తేదీన సున్నకు క్రింద 30 డిగ్రీలు. మన సెంటిగ్రేడు కొలతలో సున్నకు క్రింద ముప్పదియేడున్నర. స్మోలెన్స్క్ కడ నల్లగీత 24,000. దారిలో అది 20,000 కాగా, ఉత్తరమునకు పోయిన 60,000 పాయలో మిగిలిన 30,000 వచ్చి కలిసిరి. గీత ఒక్కసారి లావై 50,000 అయినది. వెంటనే బెరెజినా నది. నవంబరు నెల కడపట ఆ నదిని దాటునప్పటికి 28,000. చూపు అక్కడ ఆగిపోవును. ఒక నది గీతకు ఈవల ఏబదివేలు, ఆవల ఇరువదియెనిమిదివేలు, ఇందుకు వ్యాఖ్యానమెందుకు?

అచ్చటినుండి 12,000, 8,000, 4,000. చివఱకు మొదటి పాయలో మిగిలిన 6,000 వచ్చి కలియగా, నీమెన్ నదిని తిరిగి దాటినవారు 10,000. పటమున ఆ నదియొద్ద బయలుదేఱిన గీత నలుబదిరెండు మిల్లిమీటర్ల వెడల్పు. తిరిగివచ్చినది ఒక్క మిల్లిమీటరు. రెండును ప్రక్కప్రక్కనే యున్నవి. చూచువాడు లెక్క కట్టనక్కఱలేదు.

ఇంత గొప్ప పటమునను మినార్ తాను చేసిన సర్దుబాటును దాచలేదు. వేఱై నడచి తరువాత కలిసికొన్న రెండు సైన్యభాగములను, సేన తఱుగుట కంటికి సులభముగా తెలియుటకై, ప్రధానసేనతోనే నడచినట్లు భావించితినని పటముమీదనే వ్రాసెను. తాను ఎవరెవరి గ్రంథములనుండి సంఖ్యలు తీసికొనెనో వారి పేర్లును వ్రాసెను. వారిలో సేనాపతులు, చరిత్రకారులతోబాటు, ఆ సేనతో నడచిన జాకబ్ అను ఔషధములవాడును ఒకడు; వాని దినచర్య అచ్చుకాని వ్రాతప్రతి. లెక్క చెప్పువాడు 'ఇది నేనెట్లు కట్టితిని' అని చెప్పుటయే వాని నిజాయితీకి గుఱుతు.

ఎనుబదియెనిమిదేండ్ల వృద్ధునికి ఈ విషయమేల కావలసివచ్చెను? ఆయన 1813లో ఆంట్వెర్ప్ నగరమున ఉద్యోగియై యుండి, శత్రుసేనల ముట్టడిని కన్నులార చూచినవాడు. యౌవనమున చూచినది వార్ధక్యమున గీతయై వెలువడినదని నేను తలచెదను. పటము వెలువడి సంవత్సరము తిరుగకమునుపే, 1870లో, ఫ్రాన్సునకును ప్రష్యాకును యుద్ధము వచ్చినది. శత్రువులు పారిస్ నగరమును సమీపించుచుండగా, సెప్టెంబరు 11వ తేదీన ఆ వృద్ధుడు తన పుస్తకములను, కాగితములను చాలవఱకు విడిచి బోర్డో నగరమునకు పోయెను. అక్టోబరు 24వ తేదీన అచ్చటనే కాలధర్మము చెందెను. గీతతో చెప్పిన హితవును రాజ్యములు వినలేదు. హితము చెప్పినవాని దోషమా అది?

1983లో ఎడ్వర్డ్ టఫ్టీ అను అమెరికా ఆచార్యుడు తన గ్రంథమున ఈ పటమును మెచ్చి ప్రకటించిన పిమ్మట ఇది లోకమంతట ప్రసిద్ధమైనది. నేడు గణితయంత్రములు క్షణములో వేయి పటములు గీయుచున్నవి. గీయుట సులభమైనకొలది చూచువాని బాధ్యత హెచ్చినది. కావున గ్రామపెద్దలగు మీకు ఒక్క మనవి. మీ ఊరి మీదుగా బాట పోవుననియో, కాలువ వచ్చుననియో, రైలు ఆగుననియో ఎవరైన పటమును తెచ్చి ముందు పఱచినప్పుడు, రంగులను చూచి మురిసిపోక మూడు ప్రశ్నలు వేయుడు. ఈ గీత వెడల్పునకు కొలత యేది? ఈ సంఖ్య ఎవరు, ఎప్పుడు లెక్కించినది? ఈ గీతలో చేర్పక విడిచినది ఏమి? ఈ మూడింటికి జవాబు పటముమీదనే యున్నచో దానిని నమ్మదగును. లేనిచో అది ఎంత అందమైనను గోడకు తగిలించుకొనుటకే పనికివచ్చును.

అంకె అబద్ధమాడదందురు. అంకెను పలికించువాడు ఆడవచ్చును. గీతయు నంతే. సరియైన గీతను గీయుట ఒకని ధర్మము. సరిగా చదువుట మన యందఱి ధర్మము. శిష్యులకు ఎన్నియో ఏండ్లు గోడపటమును చూపి ఊళ్ళ పేర్లు వల్లింపజేసిన నాకు, గీతలను చదువుట నేర్పలేదుగదా యను చింత మిగిలినది. నేటికి ఆ ఋణము కొంత తీఱినదని తలంచి, మీయొద్ద సెలవు గైకొనుచున్నాను.